పాటకు పట్టే చోటు

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రం దాకా విస్తరించిన కోనసీమలో, రాజోలు ప్రాంతానికి చెందిన శంకరగుప్తం అనే గ్రామంలో 1930 జూలై 6న మంగళంపల్లి బాలమురళీకృష్ణ జన్మించారు. తండ్రి పట్టాభిరామయ్య సంగీత విద్వాంసులు. తల్లి సూర్యకాంతమ్మ వైణికురాలు. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వద్ద శిష్యరికం చేసి, డెబ్బై రెండు మేళకర్త రాగాల్లోనూ కృతులు రచించిన ఆ మహావిద్వాంసుడు 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు. ఆయన కచేరీ వినాలంటే ఒకనాడు సభకు వెళ్లాలి, లేదా రేడియో ముందు కూర్చోవాలి. నేడు అమలాపురం బస్సులో కిటికీ పక్కన కూర్చున్న విద్యార్థి చేతిలోని చిన్న పరికరంలో ఆ గానం ఇమిడిపోయింది. అది ఎట్లా ఇమిడింది? ఇమిడేటప్పుడు దానిలో ఏదైనా తగ్గిందా? ఒకే కచేరీ ఒకరి ఫోనులో రెండు గిగాబైట్ల చోటు తీసుకొని, మరొకరి ఫోనులో అందులో పదోవంతు కూడా తీసుకోకపోవడానికి కారణమేమి? ఈ ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

పాటకూ దాన్ని నిలిపి ఉంచే వస్తువుకూ మధ్య పేచీ కొత్తది కాదు. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేసిన నాటినుంచి భారతీయ సంగీతం ఈ పేచీని ఎదుర్కొంటూనే ఉంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు ఒక్కొక్క ముఖం మీద దాదాపు మూడు నిమిషాల ధ్వని మాత్రమే పట్టేది. రాత్రంతా సాగే నాటకంలో ఒక్క పద్యానికి అరగంట ఆలాపన చేయగల గాయకుడు, యంత్రం ముందు నిలిచి మూడు నిమిషాల్లో రాగం చూపి, పద్యం ఎత్తి, దించేయవలసి వచ్చేది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి రంగస్థల గాయకుల పద్యాలు రికార్డుల ద్వారా ఊరూరా మోగాయి. అయితే జనం విన్నది రంగస్థలం మీది పద్యాన్ని కాదు, రికార్డు కొలతకు కుదించిన పద్యాన్ని. 1948లో వచ్చిన లాంగ్ ప్లే రికార్డు ఒక ముఖానికి ఇరవై నిమిషాలకు పైగా చోటిచ్చింది. 1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును ప్రవేశపెట్టింది. అరవై నిమిషాల క్యాసెట్టు, తొంభై నిమిషాల క్యాసెట్టు అనే మాటలు ఆ తరంవారికి బియ్యం బస్తా తూకమంత పరిచితం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రికార్డుకైనా, క్యాసెట్టుకైనా సామర్థ్యాన్ని కాలంతోనే కొలిచేవారు. మెల్లగా పాడినా గట్టిగా పాడినా, ఒక్కరు పాడినా వందమంది వాయించినా, అరవై నిమిషాల క్యాసెట్టులో అరవై నిమిషాలే పట్టేవి. అంకెల రూపంలో ధ్వనిని దాచడం మొదలైన తరువాత ఈ కొలత మారింది. ఇప్పుడు పరికరం మీద నిమిషాలు రాసి ఉండవు, బైట్లు రాసి ఉంటాయి. ఎన్ని నిమిషాలు పడతాయన్నది పరికరం చెప్పదు. పాటను ఏ తీరున దాచామన్నదే దాన్ని నిర్ణయిస్తుంది.

ధ్వని అంకెలుగా మారే తీరును అర్థం చేసుకోవడానికి కోనసీమవాసులకు దూరం వెళ్లనక్కరలేదు. వరదల రోజుల్లో ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నీటిమట్టాన్ని ఎప్పటికప్పుడు నమోదు చేస్తారు. మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. లంక గ్రామాల ప్రజలు నదిని చూడకుండానే, ఈ అంకెలు విని నది ఎట్లా పెరుగుతున్నదో, ఎప్పుడు తీస్తున్నదో ఊహించగలరు. గంట గంటకూ తీసిన అంకెలను గళ్ల కాగితం మీద చుక్కలుగా పెట్టి, ఆ చుక్కలను కలిపితే వరద ఆకారం రేఖగా ప్రత్యక్షమవుతుంది. అయితే రోజుకు ఒక్కసారి మాత్రమే మట్టం చూస్తే అర్ధరాత్రి వచ్చి తెల్లవారేసరికి తగ్గిన ఉద్ధృతి ఆ రేఖలో కనబడదు. అట్లే కొలబద్ద మీద అడుగుల గుర్తులే ఉండి అంగుళాల గుర్తులు లేకపోతే 11.75కూ 12కూ తేడా తెలియదు. కాబట్టి నమోదు నమ్మదగినదిగా ఉండాలంటే రెండు అవసరం: తరచుగా చూడాలి, సూక్ష్మంగా చూడాలి.

ధ్వని కూడా గాలిలో లేచి పడే కెరటమే. మైకు ఆ కెరటాన్ని విద్యుత్తుగా మారుస్తుంది. యంత్రం ఆ విద్యుత్తు మట్టాన్ని క్షణక్షణమూ కొలిచి అంకె వేస్తుంది. మనిషి చెవి సుమారు సెకనుకు 20 కంపనాల నుండి 20,000 కంపనాల వరకు గల ధ్వనులను గ్రహిస్తుంది. ఒక కంపనాన్ని పట్టుకోవాలంటే దాని వేగానికి రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలవాలని గణితశాస్త్రం నిరూపించింది. అందుచేతనే 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కు కోసం సెకనుకు 44,100 సార్లు కొలిచే పద్ధతిని స్థిరపరిచారు. ప్రతి కొలతకూ 16 బిట్లు కేటాయించారు. అంటే కొలబద్ద మీద 65,536 గుర్తులు ఉన్నాయన్నమాట. కుడి చెవికి ఒకటి, ఎడమ చెవికి ఒకటి చొప్పున రెండు వరుసలు.

ఇక లెక్క కట్టడం సులభం. 44,100ను 16తోనూ, ఆ వచ్చినదాన్ని 2తోనూ హెచ్చవేస్తే సెకనుకు 14,11,200 బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక సెకనుకు 1,76,400 బైట్లు. నిమిషానికి ఒక కోటి ఐదు లక్షల ఎనభై నాలుగు వేల బైట్లు, అంటే దాదాపు 10.6 మెగాబైట్లు. నాలుగు నిమిషాల సినిమా పాటకు 42 మెగాబైట్లు, మూడు గంటల కచేరీకి సుమారు 1.9 గిగాబైట్లు కావాలి. ఈ లెక్కలో పాడేవారి ప్రతిభకు స్థానం లేదన్న సంగతి గుర్తించాలి. బాలమురళి పాడిన నాలుగు నిమిషాలకూ, పంటు దాటుతున్నప్పుడు ఇంజను చేసే రొదకు నాలుగు నిమిషాలకూ ఈ పద్ధతిలో ఒకే పరిమాణం. వ్యర్థమేదో సారమేదో అంకెకు తెలియదు.

తెలిసేటట్లు చేయవచ్చునా అని ఆలోచించినవారు జర్మనీలోని ఎర్లాంగెన్ నగరంలో, ఫ్రౌన్‌హోఫర్ పరిశోధన సంస్థలో పనిచేసిన శాస్త్రజ్ఞులు. కార్ల్‌హైన్స్ బ్రాండెన్‌బర్గ్ వారిలో ముఖ్యుడు. వారూ, ఇతర దేశాలవారూ కలిసి రూపొందించిన ప్రమాణం 1993లో ప్రచురితమైంది. 1995లో దానికి ఎంపీత్రీ అనే పొట్టి పేరు స్థిరపడింది. వారు పరిశీలించినది యంత్రాన్ని కాదు, మనిషి చెవిని. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు సాగుతున్నవారిని తలచుకోండి. ఇంజను మోగుతున్నంతసేపూ పక్కవారి గుసగుస వినిపించదు. ఇంజను ఆగీ ఆగగానే ప్రతి మాటా స్పష్టమవుతుంది. గుసగుస అంతసేపూ గాలిలో ఉన్నదే, చెవిని చేరినదే, అయినా మనసు దాన్ని గ్రహించలేదు. ఒక పెద్ద ధ్వని దాని దాపున ఉన్న చిన్న ధ్వనిని కప్పివేయడం చెవికి సహజ లక్షణం. వినబడని గుసగుసకు చోటెందుకు అన్నదే ఎంపీత్రీ వెనుక ఉన్న ఆలోచన. పాటను సెకనులో సుమారు నలభయ్యో వంతు ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కలో ఏ ధ్వని దేన్ని కప్పుతున్నదో లెక్కించి, కప్పబడినదాన్ని మోటుగా నమోదు చేయడమో, పూర్తిగా వదలివేయడమో జరుగుతుంది. మిగిలిన అంకెలను మళ్లీ పొట్టి సంకేతాలుగా రాస్తారు. ఉత్తరం మీద తూర్పు గోదావరి జిల్లా అని రాయడానికి బదులు తూ.గో.జి. అని రాసే అలవాటు వంటిదే ఇది. ఈ రెండవ పనిలో నష్టమేమీ లేదు, పొట్టిపేరును ఎవరైనా విప్పి చదువుకోగలరు. మొదటి పనిలో పోయినది మాత్రం పోయినట్లే.

సెకనుకు ఎన్ని బిట్లు ఖర్చు చేయాలన్నది దాచేవారి ఇష్టం. దీనినే బిట్ రేటు అంటారు. ఒకప్పుడు విరివిగా వాడుకలో ఉన్నది సెకనుకు 128 కిలోబిట్లు. ఈ రేటున నిమిషానికి 0.96 మెగాబైటు, అంటే ఇంచుమించు ఒక మెగాబైటు చాలు. డిస్కు మీది పరిమాణంతో పోలిస్తే ఇది పదకొండో వంతు. పరిమాణం తెలుసుకోవడానికి చెప్పదగిన సూత్రం ఇదొక్కటే: బిట్ రేటును పాట సాగే సెకన్లతో హెచ్చవేసి ఎనిమిదితో భాగించాలి. రేటు 320 కిలోబిట్లయితే నాలుగు నిమిషాల పాటకు 9.6 మెగాబైట్లు, 128 అయితే 3.84, 64 అయితే 1.92.

ఈ లెక్క చేతిలో పట్టుకొని చూస్తే జేబు పరికరాల చరిత్ర చక్కగా బోధపడుతుంది. 1998లో దక్షిణ కొరియాకు చెందిన సేహాన్ సంస్థ ఎంపీమ్యాన్ అనే పరికరాన్ని, అదే సంవత్సరం అమెరికాలో డైమండ్ సంస్థ రియో అనే పరికరాన్ని విడుదల చేశాయి. రెండింటిలోనూ నిల్వకు ఉన్న చోటు 32 మెగాబైట్లు. డిస్కు నాణ్యతతో అయితే అందులో మూడు నిమిషాలు పడతాయి. ఇది సరిగ్గా గ్రామఫోను రికార్డు ఒక ముఖం కొలతే కావడం విచిత్రం. 128 కిలోబిట్ల ఎంపీత్రీగా దాచితే ముప్పై మూడు నిమిషాలు, అంటే ఎనిమిది సినిమా పాటలు. ఎంపీత్రీ లేకుంటే ఆ పరికరాలు పుట్టేవి కావు. 2001 అక్టోబరులో ఆపిల్ సంస్థ 5 గిగాబైట్ల ఐపాడ్‌ను తెచ్చి, జేబులో వెయ్యి పాటలు అని ప్రకటించింది. ఈ వెయ్యి ఎక్కడిది? పాట నిడివి నాలుగు నిమిషాలు, రేటు 160 కిలోబిట్లు అనుకుంటే ఒక పాటకు 4.8 మెగాబైట్లు. వెయ్యి పాటలకు 4,800. లెక్క సరిపోయింది. కానీ ఆ లెక్కలో పాట అంటే నాలుగు నిమిషాలదే. రాగం, తానం, పల్లవి ఒక గంట విస్తరించి పాడే సంప్రదాయానికి ఆ ప్రకటనలో చోటు లేదు. గంట నిడివి గల పల్లవికి అదే రేటున 72 మెగాబైట్లు కావాలి. ఆ జేబులో పట్టేవి వెయ్యి కాదు, అరవై తొమ్మిది. వస్తువు అమ్మేవారు చెప్పే సంఖ్య వెనుక ఏ కొలత దాగి ఉన్నదో అడగడం కొనేవారి బాధ్యత అని నా అభిప్రాయం. ఐపాడ్ తయారీ 2022 మే నెలలో ఆగిపోయింది. కానీ పాటల సంఖ్యతో ప్రచారం చేసే అలవాటు ఆగలేదు.

మన ప్రాంతంలో ఈ మార్పు మరో రూపంలో వచ్చింది. 2000 తరువాతి సంవత్సరాల్లో పట్టణాల్లోని దుకాణాలలో ఎంపీత్రీ డిస్కులు వేలాడేవి. మామూలు డిస్కులో సినిమా పాటలు పదిహేనో పదహారో ఉంటే, అదే 700 మెగాబైట్ల డిస్కులో 128 కిలోబిట్ల ఎంపీత్రీ పాటలు నూట ఎనభై దాకా పట్టేవి. ఒక నటుడి సినిమాలన్నింటిలోని పాటలూ, ఒక గాయకుడి భక్తిగీతాలన్నీ ఒక్క డిస్కులో దొరకడం అప్పటికి వింతే. వాటిలో అనేకం అనుమతి లేకుండా తయారైనవన్న సంగతి వేరు. తరువాత సెల్‌ఫోను దుకాణాలు పాటలు ఎక్కించే కేంద్రాలయ్యాయి. మెమరీ కార్డు ఇచ్చి, కార్డు నిండా పాటలు వేయమని అడిగేవారు. నిండా అన్న మాటకు దుకాణదారు చెప్పుకున్న అర్థమే ఆ కార్డులోని సంగీతం నాణ్యతను నిర్ణయించింది. ఎక్కువ పాటలు పట్టాలంటే రేటు తగ్గించాలి. 64 కిలోబిట్లకు దించితే పాటలు రెట్టింపవుతాయి. కొన్నవారు పాటలను లెక్కపెట్టుకొని సంతోషించారు.

కార్డు మీద 4 గిగాబైట్లు అని రాసి ఉండగా కంప్యూటరులో 3.7 మాత్రమే కనబడటం చాలామందికి మోసంగా తోస్తుంది. తయారీదారు వెయ్యేసి చొప్పున లెక్కిస్తాడు, అనేక కంప్యూటర్లు 1,024 చొప్పున లెక్కిస్తాయి. కుంచం మారింది కాని ధాన్యం తగ్గలేదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. పదకొండింట పది భాగాలు తీసివేసినా పాట పాటలాగే వినిపిస్తున్నప్పుడు చింత దేనికి? సినిమా పాట వరకు చింత అనవసరమనే చెప్పాలి. వాద్యబృందం నిండుగా మోగే పాటలో ఒకదాన్నొకటి కప్పే ధ్వనులు కొల్లలు. 160, 192 కిలోబిట్ల వద్ద చేసిన మంచి ఎంపీత్రీకీ అసలు డిస్కుకూ తేడా కనిపెట్టడం సామాన్య శ్రోతకు దుస్సాధ్యం. కానీ అన్ని ధ్వనులూ ఒక తీరువి కావు. ఎంపీత్రీని రూపొందించేటప్పుడు బ్రాండెన్‌బర్గ్ పరీక్షకు ఎంచుకున్న వాటిలో అమెరికన్ గాయని సుజాన్ వేగా వాద్యసహకారం లేకుండా పాడిన పాట ఒకటి. తొలి ప్రయత్నాల్లో ఆ ఒంటరి గొంతు వికృతంగా వినిపించిందట. కారణం స్పష్టమే. ఒంటరి గొంతులో దాక్కోవడానికి చాటు లేదు, పొరపాటును కప్పే మరో ధ్వని లేదు.

మరో కఠిన పరీక్ష స్పెయిన్ దేశపు నర్తకులు వేళ్ల మధ్య ఆడించే చెక్క తాళాలు. వాటికి మన బంధువు హరికథకుని చేతిలోని చిడత. గౌతమీ తీరాన కపిలేశ్వరపురంలో నెలకొన్న సర్వారాయ హరికథా పాఠశాలలో శిక్షణ పొందినవారి కథాగానం విన్నవారికి ఆ చిడతల బలం తెలుసు. చిడత దెబ్బకు ముందు నిశ్శబ్దం, వెంటనే ఫెళ్లున ధ్వని. ఎంపీత్రీ ముక్కలుగా కోసి లెక్కించేటప్పుడు దెబ్బ ఒక ముక్క మధ్యలో పడితే, మోటు లెక్కవల్ల పుట్టిన రొద ఆ ముక్క అంతటా పరచుకుంటుంది. ఫలితంగా దెబ్బకు ముందే ఒక మసక చప్పుడు వినిపిస్తుంది. తాళం మొన విరుగుతుంది. బిట్ రేటు తగ్గేకొద్దీ ఈ దోషం పెరుగుతుంది. తంబురా శ్రుతిలో పైపైన మెరిసే సన్నని నాదాలకూ ఇదే గతి. తక్కువ రేటున అవి నీటిలో మునిగినట్లు వణుకుతాయి.

అన్నింటికంటె తీవ్రమైన నష్టం సంగీతంలో కాదు, మాటలో జరిగింది. 2000 తరువాతి సెల్‌ఫోన్లలో మాటను రికార్డు చేసే సదుపాయం ఉండేది. అనేక ఫోన్లు దాన్ని టెలిఫోను సంభాషణ కోసం ఏర్పరచిన ఏఎంఆర్ పద్ధతిలో దాచేవి. ఆ పద్ధతిలో సెకనుకు 8,000 సార్లు మాత్రమే కొలుస్తారు, గరిష్ఠ రేటు 12.2 కిలోబిట్లు. గంట మాటకు ఐదున్నర మెగాబైట్లు చాలు. పొదుపుగానే ఉంది. అయితే సెకనుకు దాదాపు 3,400 కంపనాలకు పైనున్న ధ్వని దానిలో నిలవదు. స, శ, ష అనే మూడక్షరాలను వేరుచేసే ఊదు శబ్దంలో అధికభాగం ఉండేది ఆ పైభాగంలోనే. ఫోనులో పేరు చెప్పేటప్పుడు అక్షరం విడమరచి చెప్పవలసి రావడానికి ఇదే కారణం. సందర్భాన్ని బట్టి సరిదిద్దుకోవచ్చు కనుక సంభాషణకు ఇబ్బంది లేదు. సందర్భం తెలియని పాతమాట, మాండలికపు పలుకుబడి, మంత్రం అయితే సరిదిద్దేవారెవరు? ఒక్క స్వరం తప్పినందుకు ఇంద్రుని చంపవలసినవాడు ఇంద్రుని చేతనే చచ్చాడని చెప్పే వృత్రాసురుని కథను వేదపండితులు శిష్యులకు మొదటే ఎందుకు వినిపిస్తారో ఇక్కడ స్ఫురిస్తుంది.

కోనసీమ అగ్రహారాలు కృష్ణయజుర్వేద అధ్యయనానికి చిరకాలంగా పేరుపొందినవి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ నైప్ ఇక్కడి ఆహితాగ్నుల కుటుంబాలను అనేక సంవత్సరాలు దర్శించి, వారి జీవితాల గురించి రాసిన గ్రంథం 2015లో వెలువడింది. వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవజాతి మౌఖిక వారసత్వంలోని అపూర్వ సంపదగా ప్రకటించింది. ఈ సంప్రదాయం తన నిల్వ సమస్యను పరిష్కరించుకున్న తీరు ఎంపీత్రీకి పూర్తిగా ఎదురు దిక్కున ఉంది. వాక్యాన్ని ఉన్నదున్నట్లు చదవడం సంహిత. పదాలను రెండేసి చొప్పున, 1-2, 2-3, 3-4 అని జతపరచి చదవడం క్రమం. 1-2, 2-1, 1-2 అని ముందుకూ వెనుకకూ చదవడం జట. ఘనలో 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అని చదివి, ఆపై 2-3, 3-2, 2-3-4, 4-3-2, 2-3-4 అని సాగుతారు. లెక్కించి చూడండి. ఒక్కొక్క మెట్టులో పదమూడు పదాలు ఉచ్చరిస్తున్నారు. తొలి, తుది పదాల వద్ద స్వల్పభేదం ఉన్నా, సంహితగా ఒక్కసారి పలికే వాక్యం ఘనలో సుమారు పదమూడు రెట్లవుతుంది. ఎంపీత్రీ పదకొండో వంతుకు కుదిస్తే, ఘనాపాఠి పదమూడు రెట్లకు పెంచుతాడు!

చోటు వృథా చేయడమని తోచవచ్చు. కానీ ఆ పదమూడింటిలో ఎక్కడ ఒక పదం జారినా, ఒక స్వరం మారినా, మిగిలిన వరుసలతో పొసగక తప్పు బయటపడుతుంది. కాగితం, రాగిరేకు లేకుండా, కంఠం నుండి కంఠానికి అందించవలసిన పాఠానికి ఈ పునరుక్తే కోటగోడ. ఆశ్చర్యమేమంటే కాంపాక్ట్ డిస్కు రూపకర్తలూ ఇదే చేశారు. డిస్కు మీద పాట అంకెలతోపాటు తప్పును పట్టి సరిదిద్దే అదనపు అంకెలను కూడా చెక్కుతారు. అందువల్లనే చిన్న గీత పడినా పాట చెడదు. మోసుకుపోవడానికి తగ్గించడం, కాపాడుకోవడానికి పెంచడం అనేవి రెండు వేర్వేరు పనులు. ఒకదానికి తగిన రూపం మరొకదానికి తగదు.

కొబ్బరి రైతుకు ఈ భేదం బాగా తెలుసు. అంబాజీపేట మార్కెట్టు నుండి లారీకి ఎత్తే కాయకు పీచు వలుస్తారు. పీచుతో పంపితే లారీలో సగం కూడా పట్టవు. తినేవారికి పీచు అక్కరలేదు. కాని నారుమడిలో పాతవలసిన విత్తనపు కాయను ఎవరూ వలవరు. వలిచిన కాయకు మళ్లీ పీచు తొడిగి మొక్క మొలిపించడం సాధ్యం కాదు. ఎంపీత్రీ వలిచిన కాయ వంటిది. 64 కిలోబిట్ల ఫైలును 320 కిలోబిట్లకు మార్చి రాసుకుంటే పరిమాణం ఐదు రెట్లవుతుంది, పోయిన నాదం ఒక్క పిసరు కూడా తిరిగి రాదు. ఒక ఎంపీత్రీని విప్పి మరో ఎంపీత్రీగా చేస్తే మరికొంత పోతుంది. చేతులు మారి మారి ఫోనుకు చేరిన పాత పద్యాలు కొన్ని డొల్లగా వినిపించడానికి ఇదొక కారణం.

పీచు వలవకుండానే కొంత పొందికగా సర్దే మార్గమూ ఉంది. 2001లో వచ్చిన ఫ్లాక్ అనే పద్ధతి తూ.గో.జి. వంటి పొట్టిపేర్ల కిటుకునే నేర్పుగా వాడి, డిస్కు పరిమాణాన్ని తరచుగా సగానికి దగ్గరగా తెస్తుంది. విప్పినప్పుడు ఒక్క అంకె కూడా మారదు. ఒక్క గొంతే ఉన్న రికార్డింగుకు కుడి, ఎడమ వరుసలు రెండూ అనవసరం. ఒకే వరుసగా దాచితే మరో సగం మిగులుతుంది, నష్టమూ ఉండదు. చోటు మిగల్చదలచినవారు మొదట చేయవలసిన పని ఇదే. రేటు తగ్గించడం చివరి మాట కావాలి.

కనుమనాడు జగ్గన్నతోటకు తరలే ప్రభల వెంట మోగే వాద్యాలు, వరినాట్లవేళ స్త్రీలు పాడే పాటలు, అంతర్వేది తీర్థానికి వచ్చిన వృద్ధులు చెప్పే కథలు, ఘనాపాఠుల స్వాధ్యాయం, వీటిని నేడు రికార్డు చేస్తున్నది ఎక్కువగా విద్యార్థుల ఫోన్లే. వీటిలో చాలావాటికి గ్రామఫోను రికార్డు లేదు, రేడియో ప్రతీ లేదు. రికార్డింగు మొదలుపెట్టే ముందు ఫోను అమరికలలో నాణ్యత అనే చోట ఒక ఎంపిక కనబడుతుంది. తక్కువ అన్నదాన్ని ఎంచితే గంటకు కొన్ని మెగాబైట్లు ఖర్చవుతాయి. కుదించని ధ్వనిని ఎంచితే ఒకే వరుసలో గంటకు 318 మెగాబైట్లు. 32 మెగాబైట్ల కాలంలో ఇది ఊహకు అందని విలాసం. నేడు 128 గిగాబైట్ల కార్డు మామూలు వస్తువు. అందులో ఆ విధంగా నాలుగువందల గంటలు పడతాయి, అంటే రోజుకు గంట చొప్పున ఏడాదికి పైగా. ఆ మూలప్రతి నుండి బస్సులో వినడానికి 128 కిలోబిట్ల ఎంపీత్రీని ఎప్పుడు కావాలన్నా చేసుకోవచ్చు. అది గంటకు 58 మెగాబైట్లు మాత్రమే తీసుకుంటుంది, నలుగురికి పంపుకోవడానికీ తేలిక. మూలప్రతిని మాత్రం రెండు వేర్వేరు చోట్ల, ఒకటి కార్డులోనూ మరొకటి ఇంటి కంప్యూటరులోనో కళాశాల కంప్యూటరులోనో ఉంచాలి. కార్డు చెడితే పాట సగమో పావో మిగలడం అరుదు, మొత్తమే పోతుంది. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ తేదీ అన్న మూడు ముక్కలు ఫైలు పేరులోనే రాసి పెట్టుకోవచ్చు. వాటికి వంద బైట్లయినా పట్టవు.